థిన్నర్ వాసన

ఆ గోడకి రెండు బ్యాచ్‌ల రంగు కొట్టారని కుర్చీలో కూర్చోగానే పెద్దాయనకి తెలిసిపోయింది. కిటికీ దాకా ఒక లేత పచ్చ, కిటికీ దాటాక ఇంకో లేత పచ్చ. షేడ్ నంబరు ఒకటే అయ్యుంటుంది. డబ్బా మీద అచ్చేసిన బ్యాచ్ నంబరు ఎవడూ చూసుండడు, ఒకటి అయిపోగానే రెండోది తెరిచి పూసి పారేసుంటాడు. ఎదురుగా నిలబడి చూస్తే తేడా తెలియదు, పక్కనించి వెలుతురు పడితే మాత్రం ఆరీ ఆరని పుండు అంచులా కనపడుతుంది. ముప్పై ఏళ్లుగా రంగుల షాపు కౌంటరు వెనక నిలబడి వచ్చినవాళ్లందరికీ ఆయన చెప్పే మొదటి మాట అదే: ఒక గోడకి ఒకటే బ్యాచ్ పట్టుకెళ్లండి బాబూ, పేరు ఒకటే కదాని రెండూ కలిపారంటే గోడ మీ మొహాన ఉమ్మేస్తుంది. ఈ ఆస్పత్రివాళ్లకి ఎవడూ చెప్పినట్టు లేదు. అసహ్యం వేసింది. ఆయనకి అసహ్యం తొందరగా వేస్తుంది, చిన్నప్పట్నించీ అంతే. ఈ ఇనప కుర్చీల చేతుల మీద ఎవరెవరి చెమటో జిడ్డు కట్టి ఉంది, ఆ మూల ముసలాయన దగ్గిన ప్రతిసారీ గొంతులో ఏదో పైకి వచ్చి మళ్లీ కిందికి పోతున్న చప్పుడు వినపడుతోంది, నేల తుడిచిన నీళ్ల వాసన నేలకన్నా మురికిగా ఉంది. మోకాళ్లు దగ్గరకి లాక్కుని, దేనికీ తగలకుండా, అద్దె దుకాణంలో సరుకులా ఒదిగి కూర్చున్నాడు.

ఆ గోడకి అవతల ఆయన తమ్ముడు చిన్నోడున్నాడు. ముప్పై తొమ్మిదేళ్లొచ్చి ఇద్దరు బిడ్డల తండ్రయినా, అన్నగారి నోటి వెంట వచ్చిన ఆ పేరే బజారంతా వాడికి ఖాయమైపోయింది. పొద్దున షట్టర్ సగం ఎత్తి, మిగతా సగం ఎత్తలేక గడప మీద కూలబడి, షేడ్ కార్డుల మీద కక్కాడు. అప్పుడు పెద్దాయన చేసిన మొదటి పని జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఏయే కార్డులు పాడైపోయాయో చూసుకోవడం. రెండో పని "రాత్రి ఏం మింగి చచ్చావురా?" అని అడగడం. వాడు కొండెక్కి దిగినవాడిలా లోతుగా, గబగబా, ఆగకుండా ఊపిరి తీస్తున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ చూపు ఎక్కడా ఆగడం లేదు. పక్క హార్డ్‌వేర్ షాపతను పరుగెత్తుకొచ్చి వాడి తల తన ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ కక్కు అతని చొక్కాకి అంటింది, అతను పట్టించుకోలేదు. పరాయివాడు. పెద్దాయన మాత్రం రుమాలు తియ్యలేదు, బండి ఎక్కాక కూడా ముందు సీట్లోనే కూర్చున్నాడు, వాసన పడక. ఆ విషయం ఇప్పుడు ఈ జిడ్డు కుర్చీలో గుర్తొస్తుంటే చేతిలో ఉన్న అదే రుమాలు చచ్చిన ఎలకలా అనిపించి పక్క కుర్చీ మీద పడేశాడు. మళ్లీ తీసి జేబులో కుక్కుకున్నాడు, మరదలు చూస్తోందని.

మరదలు, చిన్నోడి భార్య, రెండు కుర్చీల అవతల కూర్చుంది. ఏడవడం లేదు. ఆమె ఏడిస్తే బాగుండును, ఓదార్చే పనైనా దొరికేది. అరగంట కింద లోపల్నించి వచ్చిన డాక్టరమ్మ, వయసులో ఆమెకన్నా చిన్నదే, చేతిలో కాగితంతో ఇద్దరి ముందూ నిలబడి అడిగింది. "ఏమేం మందులు వాడతాడండీ ఈయన?" షాపు విషయమైనా ఇంటి విషయమైనా జవాబు పెద్దాయనే చెప్పడం అలవాటు. "మామూలు షుగర్ మాత్రండీ, పొద్దునొకటి రాత్రొకటి," అన్నాడు. అబద్ధం కాదు. "ఇంకేమీ లేవా?" అంది. "లేవండీ." అది మాత్రం అబద్ధం. నోట్లోంచి ఎంత నున్నగా జారిందో, కొత్త డబ్బా మీద బ్రష్షు జారినట్టు. డాక్టరమ్మ కాగితం వైపు చూసి కనుబొమలు ముడిచింది. "లెక్క కుదరట్లేదండీ. ఆసిడ్ పెరిగి రక్తం ఇంత పుల్లబడినవాళ్లకి షుగర్ నాలుగొందలో ఐదొందలో ఉంటుంది మామూలుగా. ఈయనకి రెండొందల పదే ఉంది. ఏ రకం షుగరో ఎవరైనా పరీక్ష చేయించారా ఎప్పుడైనా?" లేదన్నాడు. "పోనీ, నాలుగైదు రోజుల్నించి ఈయన నోట్లోంచి ఘాటుగా ఏమైనా వాసన వచ్చిందా? గోళ్ల రంగు తుడిచే మందుంటుంది చూడండి, అలాగ. రంగులో కలిపే థిన్నర్ వాసనలాగ."

థిన్నర్. మరదలు ఆయన వైపు తిరిగి, గొంతు పెంచకుండానే, "చెప్పండి బావగారూ. ఏ మూల ఏ డబ్బా కారినా మీ ముక్కుకి తెలిసిపోతుందంటారుగా," అంది. డాక్టరమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏదైనా గుర్తొస్తే వెంటనే చెప్పండి. ఎంత చిన్నదైనా సరే. ఒక గంట చూస్తాం," అని లోపలికి వెళ్లిపోయింది. తలుపు ఊగి ఊగి ఆగింది.

వాసన వచ్చింది. ఎందుకు రాదు. శుక్రవారం నుంచీ వచ్చింది. చిన్నోడు నిచ్చెన దిగి పక్కన నిలబడితే చాలు, ఘాటుగా, తియ్యగా, ముక్కుపుటాల వెనక పట్టుకునే ఆ వాసన. రంగుల షాపులో ఆ వాసన వస్తే మనిషి నోరు ఎవడు చూస్తాడు, డబ్బా మూత చూస్తాడు. పెద్దాయన మూడు రోజులు మూతలు చూశాడు. వెనక గదిలో అరల్లో ఉన్న థిన్నర్ డబ్బాలన్నీ దింపించాడు, దింపింది కూడా చిన్నోడే, రొప్పుతూ, మధ్యమధ్య గోడకి ఆనుకుని. ఒక్కోదాని అంచు మీదా వేలు పెట్టి తడి ఉందేమోనని చూసి, సుత్తితో మూతల చుట్టూ కొట్టించాడు. ఏదీ కారడం లేదు. "మూత సరిగ్గా పెట్టకుండా వెళ్లిపోతావు, చేతికి తుడుచుకుంటావు, చొక్కాకి పూసుకుంటావు, కొనడానికొచ్చినవాళ్లు పారిపోతున్నార్రా నీ కంపుకి," అని వాళ్ల ఎదుటే అరిచాడు. "నేను పెట్టానన్నయ్యా మూత," అన్నాడు వాడు, ఎండిపోయిన పెదవులు ఒకదానికొకటి అంటుకుంటుంటే. ఆ పెదవులు చూస్తే కూడా అసహ్యమే వేసింది. మూలల్లో తెల్లగా నురగ. మాట్లాడితే నాలుక అంగిలికి అంటుకుని ఊడొస్తున్న చప్పుడు. పెద్దాయన మొహం తిప్పుకుని రిజిస్టరు తిరగేశాడు. ఊళ్లో ఏ గోడకి ఎన్నాళ్ల కింద ఏ కంపెనీ రంగు కొట్టారో వాసన చూసి చెప్పే ముక్కు ఇది, కంపెనీ ప్రతినిధులు కూడా మెచ్చుకున్న ముక్కు. ఒక అడుగు ముందుకేసి తమ్ముడి మూతి దగ్గర పెట్టి ఉంటే తెలిసిపోయేది. పెట్టలేదు.

ఎదురుగా గోడ మీద, సరిగ్గా రెండు పచ్చలు కలిసిన చోట, ఒక పోస్టరుంది. పైన పెద్దక్షరాల్లో షుగర్ అంతా ఒకటి కాదు అని. కింద నాలుగు గళ్లు, నాలుగింట్లోనూ నవ్వుతున్న బొమ్మలు. రోగం గురించి రాస్తూ నవ్వే బొమ్మలెందుకు వేస్తారో. రెండు నెలల కింద ఇలాంటి పోస్టరే ఇంటి దగ్గర చిన్న క్లినిక్‌లోనూ చూశాడు. అప్పుడు లోలోపల నవ్వుకున్నాడు, అమ్మకం తెలిసినవాడి నవ్వు. ఎందుకంటే రకాలు ఎలా పుడతాయో ఆయనకి తెలుసు. ఒకటే రంగుని కంపెనీవాడు నాలుగు డబ్బాల్లో పోసి ఒకదానికి వంటింటికనీ, ఒకదానికి పిల్లల గదికనీ, ఒకదానికి దుమ్ము అంటదనీ లేబుల్ వేస్తాడు. లోపల కర్రతో కలిపి చూస్తే అన్నీ ఒకటే. షుగర్ కూడా అంతే అనుకున్నాడు. రకం అనే మాట వినపడితే ఎవడో ఏదో అంటగట్టబోతున్నాడని అర్థం. ఆ క్లినిక్ కుర్ర డాక్టరు చిన్నోడిని పైనించి కిందికి చూసి, "ఇంత బక్కగా ఉన్నారు, మాత్రలకి లొంగట్లేదు, ఇది మీ అన్నగారి రకం కాకపోవచ్చు," అని ఒక చీటీ రాశాడు. రకం తేల్చే పరీక్ష పేరొకటి, కింద ఇన్సులిన్ సూదులు. బయటికొచ్చాక పెద్దాయన ఆ చీటీ తమ్ముడి చేతిలోంచి తీసుకుని, "సూది మొదలెడితే చచ్చేదాకా పొడుచుకోవాలి. మన నాన్నకి సూది పొడిచారా? నాకు పొడిచారా? నోరు కట్టుకుంటే అదే దిగుతుంది, పద," అన్నాడు. చిన్నోడు పదమన్నప్పుడు నడిచాడు. వాడెప్పుడూ నడుస్తాడు. చీటీ షాపు కౌంటరు మీద పడి ఉంటే మర్నాడు ఎవరో మేస్త్రీకి దాని వెనక రెండు షేడ్ నంబర్లు రాసిచ్చేశాడు. తెల్లకాగితం వృథా చేసే అలవాటు లేదు షాపులో. ఆ చీటీ ఇప్పుడు ఏ కట్టుబడి పనిలోనో సున్నంలో కూరుకుపోయి ఉంటుంది, ఒకవైపు దంతపు రంగు, ఒకవైపు తమ్ముడి ప్రాణం.

కళ్లు పోస్టరు మీదికే పోతున్నాయి. చెయ్యడానికి వేరే పని లేదు. మొదటి గడిలో లావుపాటి బొమ్మ. రెండో రకం, అన్నిటికన్నా ఎక్కువమందికి వచ్చేది, ఒంట్లో ఇన్సులిన్ తయారవుతుంది కానీ ఒళ్లు దాన్ని ఖాతరు చెయ్యదు, రానురాను తయారీ కూడా తగ్గుతుంది, తిండి అదుపు, నడక, మాత్రలు. ఇది నేను, ఇది నాన్న. పొట్ట ముందు, మనిషి వెనక. సరుకు వస్తోంది, చెమ్మ పట్టిన గోడ పీల్చుకోవడం లేదు, అంతే. రెండో గడిలో గర్భిణి. కడుపుతో ఉన్నప్పుడు వచ్చేది, కాన్పు కాగానే సాధారణంగా పోతుంది, కానీ తర్వాత ఎప్పుడైనా మళ్లీ తలెత్తొచ్చు, అందుకని ఏటా చూపించుకోవాలి. ఇది మా ఆవిడ. రెండో కాన్పప్పుడు వచ్చి, బిడ్డ పుట్టిన వారానికి పోయింది. దాన్నే కదా పన్నెండేళ్లుగా అందరికీ ఉదాహరణ చెప్పుకు తిరిగింది, చూడండి, మూడు నెలలు నోరు కట్టుకుంది, షుగర్ పారిపోయింది అని. చిన్నోడికి కూడా అదే చెప్పి దెప్పాడు, "మీ వదినపాటి నిగ్రహం లేదురా నీకు, ఆడదాన్ని చూసి నేర్చుకో." అది పోవాల్సి ఉండి పోయింది, ఆవిడ నిగ్రహం వల్ల కాదు. ఆవిడకి ఏటా చూపించిందీ లేదు. మూడో గడిలో కడుపు పట్టుకున్న బొమ్మ. క్లోమం దెబ్బతినడం వల్లా, మరికొన్ని అరుదైన కారణాల వల్లా వచ్చేవి. తాగి తాగి కడుపునొప్పితో పడి లేచి ఆ తర్వాత షుగర్ తెచ్చుకున్న మేస్త్రీ ఒకడుండేవాడు. వాడికీ ఈయనే సలహా చెప్పాడు, తన మాత్ర పేరే.

నాలుగో గడిలో బొమ్మ బక్కది. అందరికన్నా బక్కది, అందరికన్నా ఎక్కువ నవ్వుతోంది. మొదటి రకం, ఒంటిని కాపాడాల్సిన కాపలాయే దారితప్పి ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని చంపేస్తుంది, ఎక్కువగా పిల్లల్లో, కానీ ఏ వయసులోనైనా రావచ్చు, పెద్దవాళ్లలో నెమ్మదిగా మొదలై రెండో రకంలా కనపడి మోసం చేస్తుంది, దాహం, మాటిమాటికీ మూత్రం, బరువు తగ్గడం, దీనికి ఇన్సులిన్ తప్ప ఇంకో దారి లేదు. పెద్దాయన ఆ గడిని రెండుసార్లు చదివాడు. మూడోసారి చదవబోతే అక్షరాలు కదిలాయి. దాహం. షాపులో నీళ్ల క్యాను పొద్దున నింపితే మధ్యాహ్నానికి ఖాళీ, "తొట్టిలో పశువులా తాగుతున్నావేంరా" అని నవ్వింది ఎవరు. మాటిమాటికీ. మాట్లాడుతున్నవాళ్లని మధ్యలో వదిలేసి వెనక దొడ్డికి పరుగెత్తేవాడు, ఆ దొడ్డి నేల జిగురుజిగురుగా, గోడ మూల చీమలు బారులు కట్టి, చెప్పు అంటుకుని ఊడొచ్చేది. పెద్దాయన ముక్కు మూసుకుని నాలుగు బకెట్ల నీళ్లు కొట్టించి, "దొంగతనంగా ఎంత తియ్యతియ్యగా మేస్తున్నావో చీమలే సాక్ష్యం చెప్తున్నాయి" అన్నాడు. బరువు. బెల్టుకి మేకుతో కొత్త బెజ్జాలు కొట్టుకునేవాడు, ఒకటి, రెండు, ఐదు. మెడ కింద ఎముకలు పైకి లేచి, గుంటల్లో నీళ్లు పోస్తే నిలిచేలా. మనిషి సగమవుతున్నాడని బజారంతా అంటుంటే, వేపుకు తింటున్న దిగులు ఏదో ఉందని కొందరు, తాగుతున్నాడని కొందరు, మిఠాయి దొంగ అని ఇంట్లో తను. వాడి సొరుగు వెతికాడు. వాడి సంచి వెతికాడు. తిన్న ఆనవాలు ఒక్కటి దొరకలేదు. దొరక్కపోతే అనుమానం తగ్గాలి కదా. పెరిగింది, ఎంత తెలివిగా దాస్తున్నాడో అని.

నాలుగు డబ్బాల్లో ఒకటే సరుకు కాదు. ఒకటే లేబుల్ కింద నాలుగు సరుకులు. తలకిందులుగా చదివాడు తను. బతుకంతా డబ్బాలు తిరగేసి అడుగున నంబరు చూసినవాడు ఈ ఒక్కదాన్ని తిరగేసి చూడలేదు. నాకు సరుకు వస్తోంది, గోడ పీల్చట్లేదు. వాడికి ఫ్యాక్టరీయే తగలబడిపోయింది, కాపలావాళ్లే తగలబెట్టారు, నేను బూడిదకుప్ప ముందు నిలబడి డెలివరీ ఏదని తిడుతున్నాను.

తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. చేతి తొడుగులు ఊడదీస్తూ, "షుగర్ నూట అరవైకి దిగిందండీ," అంది. దిగింది. ఆ మాట ఎంత తియ్యగా వినపడిందో. పెద్దాయన గుండెల మీంచి సిమెంటు బస్తా దింపినట్టయింది. చాలు, అంకె దిగింది, ఇంక దాచిన ఆ మాట ఎవరికీ చెప్పక్కర్లేదు, ఎవరూ అడగరు, వాడు లేచి కూర్చుంటాడు, సూదులంటే సూదులే, తనే దగ్గరుండి కొనిపెడతాడు, అన్నీ సర్దుకుంటాయి. "ఇన్సులిన్ స్పీడు తగ్గించాలేమో డాక్టరమ్మని అడగాలి," అని నర్సు ముందుకి నడిచింది. మరదలు లేచి నిలబడింది. "ఊపిరి నిమ్మళించిందా సిస్టర్?" నర్సు ఆగింది. "అదేనమ్మా అర్థం కావట్లేదు. అంకె బాగానే ఉంది. మనిషే, ఇంకా అలాగే రొప్పుతున్నాడు."

అంకె బాగుంది, మనిషి బాగాలేడు. ఇది తెలుసు. ఇది ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు. ఇల్లు అమ్మేసేవాడు వస్తాడు, గోడకి చెమ్మ ఉందండీ, కొనేవాళ్లు చూసి వెళ్లేదాకా కనపడకుండా ఏదైనా ఇవ్వండి అంటాడు, తను ఇస్తాడు, రెండు కోటింగులు మందంగా వేస్తే నెల్లాళ్లు నున్నగా మెరుస్తుంది, లోపల ఇటుక నాని నాని గుల్లవుతూనే ఉంటుంది. మూడు వారాల కింద తన డాక్టరు తనకి రాసిన కొత్త మాత్ర అలాంటి కోటింగే. "ఒంట్లో ఎక్కువైన చక్కెరని మూత్రంలోంచి బయటికి తోసేస్తుంది, మీకు బాగా సరిపోతుంది," అన్నాడాయన. మీకు అంటే ఇంటిల్లిపాదికీ అని విన్నాడు పెద్దాయన. వాళ్ల ఇంట్లో అన్నీ అలాగే వస్తాయి, బట్టలు ఒకటే తాను, బూట్లు ఒకటే దుకాణం, మాత్రలు ఒకటే చీటీ. ఇంటి పెద్ద ఒకసారి వెళ్లి అందరికీ పట్టుకొస్తాడు. మధ్యాహ్నం షాపులోనే క్యారియరు తినగానే స్ట్రిప్పు తీసి రెండు నొక్కేవాడు, ఒకటి తన నోట్లో, ఒకటి తమ్ముడి అరచేతిలో. "ఇంట్లో చెప్పకు, ఆడవాళ్లు భయపడతారు." వాడు చెప్పలేదు. వాడికి తిరిగి అడిగే అలవాటు లేదు, ఆ అలవాటు తను కానివ్వలేదు. మొన్న వేలు పొడిచి చూస్తే నూట తొంభై అయిదు. అంకె చూపించి ఎగిరి గంతేసినంత పని చేశాడు, "చూశావా, దిగుతోంది, ఇంక ఆ ఏడుపు మొహం మార్చు." వాడు ఆ రోజే రెండుసార్లు కక్కాడు.

డాక్టరమ్మ లెక్క ఎందుకు కుదరడం లేదో ఈ భవనంలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ జిడ్డు కుర్చీలో మోకాళ్లు దగ్గరపెట్టుకుని కూర్చున్నాడు. ఒక్క మాత్ర వల్ల ఇంతవుతుందా, అని బేరం మొదలైంది లోపల. ఆ కుర్ర డాక్టరు గట్టిగా చెప్పి ఉండాల్సింది. మందుల షాపువాడు రెట్టింపు ఎందుకిచ్చాడు. చిన్నోడైనా నోరు తెరిచి ఇది నాకు పడట్లేదని అనొచ్చు కదా. వాడన్నాడు. మొదటి వారంలోనే, "ఇది వేసుకుంటే కడుపులో తిప్పుతోందన్నయ్యా," అన్నాడు. అలవాటు పడుతుందిలే అన్నాడు తను. బేరం అక్కడ ఆగిపోయింది. ఇంకెవరి మీదికీ జరపడానికి లేదు. చెప్తే ఏమవుతుంది, మరదలు వింటుంది, రేపు బజారు వింటుంది, తమ్ముణ్ణి మాత్రలు పెట్టి చంపబోయాడని. చెప్పకపోతే ఆ నర్సు వెళ్లి అంకె చెప్తుంది, మందు స్పీడు తగ్గిస్తారు, లోపల ఇటుక నానుతుంది. తన లోపల ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టి తూచగలుగుతున్న మనిషిని చూస్తే, షేడ్ కార్డుల మీద కక్కుని చూసినప్పటికన్నా, దొడ్లో చీమల్ని చూసినప్పటికన్నా, ఎక్కువ అసహ్యం వేసింది. ఎప్పుడూ లేనిది, ఈసారి ముక్కు మూసుకున్నా పోయే అసహ్యం కాదు.

గోడ గడియారంలో ఒంటిగంట. చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. ముప్పై ఏళ్లుగా ఒంటిగంటకి క్యారియరు, మూడు వారాలుగా దాని వెనకే మాత్ర. స్ట్రిప్పు బయటికొచ్చింది, బొటనవేలు నొక్కింది, మళ్లీ నొక్కింది. చూసుకుంటే అరచేతిలో రెండు. గోళ్ల సందుల్లో ఎప్పటికీ వదలని పాత నీలం రంగు, మధ్యలో రెండు పసుపుపచ్చ బిళ్లలు, అచ్చం ఒకేలా. రెండోదాన్ని అందుకోవడానికి పక్కన చెయ్యి లేదు.

లేచాడు. పిడికిలి బిగించి నడిచి తలుపు తోశాడు. "లోపలికి రాకూడదండీ," అంది ఎవరో. "డాక్టరమ్మా," అన్నాడు, షాపులో నిచ్చెన మీదున్నవాణ్ణి పిలిచేంత గట్టిగా. ఆమె వచ్చింది, వెనకాలే మరదలు కూడా వచ్చి నిలబడింది. పిడికిలి విప్పాడు. స్ట్రిప్పు కూడా తీసి పక్కన పెట్టాడు. "ఇది నా మాత్ర. మూడు వారాల్నించి వాడికి కూడా పెట్టాను. రోజూ, నా చేత్తో. నిన్న కూడా. సూదిమందు రాసిన చీటీ కూడా ఉండేది, నేనే పారేశాను. వాసన కూడా వచ్చింది, శుక్రవారం నుంచి. డబ్బా కారుతోందనుకున్నాను."

డాక్టరమ్మ స్ట్రిప్పు వెనక పేరు చదివింది, ఒకే ఒక్క క్షణం. తిట్టలేదు. వెనక్కి తిరిగి నర్సుతో గబగబా చెప్పింది, "ఇన్సులిన్ తగ్గించొద్దు. ఆపనే ఆపొద్దు. గ్లూకోజ్ ఎక్కువ ఎక్కిస్తూ ఇన్సులిన్ అలాగే పోనివ్వండి, షుగర్ అంకె చూసి మోసపోకండి, ఆసిడ్ గంట గంటకీ చూడండి." తర్వాత ఈయన వైపు తిరిగి, "అందుకే అంకె తక్కువుంది. ఈ మాత్ర మీకు మందే. ఆయనకి కాదు. ఇన్సులిన్ లేని ఒంట్లో ఇది రక్తం పుల్లబడేలా చేస్తుంది, ఆ వాసన దాందే, అంకెలో మాత్రం పైకి తెలియనివ్వదు. ఇంకో రెండు మూడు రోజులు దీని ప్రభావం ఉంటుంది. ఇప్పుడు చెప్పారు కాబట్టి దారి దొరికింది. రేపటిదాకా గట్టిగా ఏమీ అనలేను," అంది.

మరదలు ఆయన అరచేతి వైపే చూస్తోంది. "రోజూ పెట్టారా?" అంది. "పెట్టానమ్మా." "నాకు చెప్పొద్దన్నారా?" "అన్నాను." ఆమె చీర కుచ్చెళ్లు కాస్త పక్కకి లాక్కుంది, దారిలో ఏదో పడి ఉంటే తగలకుండా లాక్కున్నట్టు. ఆమె ముక్కు పక్కన గీత ఒకటి లేచింది. ఆ చూపు పెద్దాయనకి బాగా పరిచయం. రోజుకి నాలుగైదుసార్లు కౌంటరు వెనకనించి తమ్ముడి మీదికి విసిరిన చూపే, ఇప్పుడు చిరునామా మారి వచ్చింది. పక్కకి తప్పుకోలేదు ఆయన. పడనిచ్చాడు.

గంట దాటాక, ఎంత దాటాకో, నర్సు తలుపు తెరిచి, "ఊపిరి కాస్త నెమ్మదించింది. ఒక్కొక్కరు రండి, రెండేసి నిమిషాలు," అంది. ముందు మరదలు వెళ్లొచ్చింది, ఆయన వైపు చూడకుండా వెళ్లి కూర్చుంది. తర్వాత ఈయన వెళ్లాడు. మంచం మీద పరుపు ఉందా మనిషి ఉన్నాడా తెలియనంత పల్చగా పడి ఉన్నాడు చిన్నోడు. రెండు చేతులకీ గొట్టాలు. ఛాతీ లేస్తోంది, దిగుతోంది, పొద్దుటంత పరుగు లేదు. పెదవుల మూలల్లో అదే తెల్లటి నురగ ఎండి పొలుసులు కట్టింది. అడుగుల చప్పుడుకి కళ్లు సగం తెరిచాడు. ఎవరో పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. పోల్చుకోగానే వాడి మొహంలోకి వచ్చింది ఉపశమనం కాదు, భయం. షాపుకి ఆలస్యంగా వచ్చిన రోజు ఉండే భయం. నాలుక అంగిలి నుంచి ఊడొచ్చింది.

"మూత పెట్టానన్నయ్యా," అన్నాడు. "నిజంగా పెట్టాను."

పెద్దాయన జేబులో రుమాలుంది. చెయ్యి అటు పోలేదు. మంచం పట్టె పట్టుకుని వంగాడు, ఇంకా వంగాడు, తన ముక్కు తమ్ముడి మూతికి జానెడు దూరంలోకి వచ్చేదాకా. అక్కడే ఉంది. ఘాటుగా, తియ్యగా, ముప్పై ఏళ్లు డబ్బాల్లో కొని డబ్బాల్లో అమ్మిన వాసన. మొహం తిప్పుకోలేదు. వాడి ఊపిరి బయటికి వచ్చినప్పుడల్లా నిండా పీల్చుకుంటూ, ఇప్పుడెంత ఉంది, ఇందాకటికన్నా ఏమైనా తగ్గిందా అని చూస్తూ, నర్సు రెండు నిమిషాలైపోయాయని భుజం తట్టేదాకా అలాగే వంగి ఉన్నాడు.

"పెట్టావురా," అన్నాడు లేస్తూ. "డబ్బాలన్నీ చూశాను. ఒక్కటీ కారట్లేదు."